ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన బిడ్డ



నేడు నేను ప్రస్తావింపబోవునది రాజుల చరిత్ర కాదు. మా బెల్లంకొండలో చరిత్ర యన్నతోడనే జనులు కొండవైపు చూతురు. ఆ కొండమీది దుర్గము రెడ్డిరాజుల కాలమున ప్రసిద్ధి కెక్కినది. పిదప గజపతుల చేతికి పోయినది. 1515వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గొనుటకు ముందు అద్దంకి, వినుకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము దుర్గములతోబాటు బెల్లంకొండను గూడ లోగొనెనని శాసనములు చెప్పుచున్నవి. కోట ఎవరెవరి చేతులు మారినదో చెప్పుటకు ఇన్ని శిలలున్నవి. ఆ కోటక్రింది పల్లెలలో పాలు చాలక, కూడు చాలక ఎండిపోయిన పసిబిడ్డలను ఎవరు బ్రతికించిరో, బ్రతికిన బిడ్డలు పిదప ఏమైరో చెప్పు శిల ఒక్కటియు లేదు. అయినను ఆ బిడ్డలకును ఒక చరిత్ర కలదు. అందు మొదటి భాగము చావనున్న బిడ్డను బ్రతికించుట. అది పలువురు చెప్పినదే. రెండవ భాగము, బ్రతికించి ఇంటికి పంపిన పిమ్మట ఆ బిడ్డను కనిపెట్టి యుండుట. లోకమున ఇది మిక్కిలి ఆలస్యముగ మొదలైనది. దానిలో మన తెలుగుదేశమునకు గౌరవప్రదమగు భాగ మొకటి యున్నది. నేను చెప్పదలచినది ఈ రెండవ భాగమును గూర్చియే.

ముందు వ్యాధి రూపమును చెప్పవలెను. ఒక బిడ్డ ఎండిపోవును; ముఖము ముసలివాని ముఖమువలె నగును; పిరుదులమీది చర్మము ముడుతలు పడి వ్రేలాడును. మరియొక బిడ్డ ఉబ్బును. పాదములపై వ్రేలితో నొక్కినచో గుంటపడి నిలుచును. వెండ్రుకలు ఎఱ్ఱబారి ఊడును. చర్మము పొరలుగ లేచును. ఆ బిడ్డ ఆడడు, నవ్వడు, కూడు చూపినను మొగము త్రిప్పుకొనును. ఉబ్బిన బిడ్డను చూచి ఒళ్లు చేసినాడని సంతసించు తల్లులును కలరు. పక్షిదోషమనియు, దృష్టియనియు తాయెత్తులు కట్టించుట మన ప్రాంతమున నిన్నమొన్నటి మాట కాదు. నేటి వైద్యులు ఈ రెండు రూపములను కలిపి తీవ్ర పోషణలోప మందురు. ఆరు నెలలు నిండి అయిదేండ్లు నిండని బిడ్డకు భుజమునకును మోచేతికిని సరిగ నడుమ చేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువగ నున్నను, పొడవునకు తగవలసిన బరువు మిక్కిలి తగ్గియున్నను, రెండు పాదములు ఉబ్బి యున్నను ఈ వ్యాధి యని నిర్ణయము. మూడింటిలో ఏ యొక్కటి యున్నను చాలును.

మన ప్రాచీన వైద్యులు దీని నెఱుగకపోలేదు. కాశ్యపసంహిత యను శిశువైద్య గ్రంథము కలదు. దాని ప్రాచీన ప్రతి నేపాళమున దొరకగా, పండిత హేమరాజశర్మగారి దీర్ఘోపోద్ఘాతముతో 1938లో బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయమున అచ్చుపడినది. అందు ఫక్కరోగ చికిత్స యను ప్రకరణ మున్నది. ఏడాది నిండియు అడుగు వేయలేని బిడ్డను ఫక్కు డందురు. కారణమును బట్టి ఫక్కరోగము మూడు విధములు: చెడిన పాలవలన కలిగినది క్షీరజము, తల్లి మరల గర్భవతి కాగా పాలుడిగి కలిగినది గర్భజము, జ్వరాది వ్యాధులవలన కలిగినది వ్యాధిజము. పిరుదులు, చేతులు, తొడలు ఎండి, కడుపును తలయు పెద్దవై కనిపించునని అందలి వర్ణనము. వాగ్భటుడును గర్భిణియగు తల్లి పాలు త్రావు బిడ్డకు కలుగు పారిగర్భిక మను వ్యాధిని పేర్కొనెను. మన అమ్మమ్మలు కడుపుతో నున్న తల్లి పాలు చంటివానికి పనికిరావని చెప్పెడి మాట ఇట్టి గ్రంథముల నుండి జారినదో, లోకము నుండి గ్రంథములకు ఎక్కినదో నిర్ణయింప నక్కరలేదు. పాలు విషమగుట చేత గాక, పాలు మాన్పించి వానికి బదులు గంజితేట పోయుట చేతనే బిడ్డ చెడుచున్నాడని నేటి వైద్యుల మతము.

కాశ్యపసంహితలో నన్ను ఆకర్షించినది వేరొక సంగతి. పాలు, ఘృతములు, మాంసరసములు చెప్పి యూరకుండక, ఆ గ్రంథకర్త ఫక్కుడైన బిడ్డకు మూడు చక్రముల బండి నొకదానిని చేయించి, దానిని పట్టుకొని నడచుట నేర్పవలెనని విధించినాడు. మన వడ్రంగులు పసిపిల్లలకు చేసియిచ్చు నడకబండి వంటిదే అది. కడుపు నిండినంతనే చికిత్స ముగియదని, లేచి నడచువరకు బిడ్డను చూచుచుండవలెనని ఆ వైద్యుని తలంపు కాబోలు. శ్రోతలు ఈ బండిని జ్ఞాపకమున నుంచుకొనవలెను. మరల దీనితో పని పడును.

ఇక కరువుల కాలమునకు వత్తము. నందన సంవత్సరపు కరువు, డొక్కల కరువని మన పెద్దలు చెప్పుకొన్నది, 1832-33లో గుంటూరు మండలమును శ్మశానము చేసినది. అప్పటి మండలములో సుమారు 5 లక్షల జనము. అందు లక్షన్నరకు తక్కువగాక నశించిరని లెక్క. కృష్ణకు బెజవాడకడ ఆనకట్ట పడినది ఇరువదేండ్ల పిమ్మట. పల్నాటి మెట్టకు ఆ నీరును ఎక్కలేదు. నాగార్జునసాగరము కాలువలలో నీరు పారిన 1967వ సంవత్సరము వరకు మనది వానదేవుని మీదనే ఆధారపడిన నేల. జొన్నకూడే మన యాహారమని శ్రీనాథుడు చాటువులలో ఎత్తిపొడిచెనని ప్రతీతి. ఆ మహాకవికి సన్నన్నము దొరకని దుఃఖము. జొన్నయు దొరకని యేడు పల్నాటి బిడ్డల దుఃఖము వేరు.

ధాత సంవత్సరమున, అనగా 1876లో, మొదలైన పెద్దకరువు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించినది. ఈ కరువున పోషణను గూర్చి దొరతనమువారిలోనే పెద్దవాదము నడచినది. కరువుపనులు చేయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, చాలునని సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించినాడు. ఆ కొలత బ్రతుకునకు చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు గట్టిగ వాదించినాడు. 1877లోనే ఆ కూలిని పెంచవలసి వచ్చినది. అదే కాలమున మద్రాసులోని రాయపురము శిబిరపు ఆసుపత్రిలో డాక్టరు పోర్టరు చచ్చిన కరువుబాధితుల దేహములను పరీక్షించి, మద్రాసు కరువు వ్యాధులను గూర్చి 1889లో ఒక గ్రంథము ప్రకటించినాడు. దీర్ఘకాలము పస్తులున్న వాని ప్రేవులు పలుచబడి పోవుననియు, అట్టివానికి పిదప కూడు పెట్టినను ఇముడదనియు దానివలన తేటపడినది. ఇది చాల విలువగల యెఱుక. అయినను ఆ గ్రంథము చచ్చినవారిని చూచి వ్రాసినది. తల్లి చంక నెక్కి శిబిరము దాటి మరల ఊరికి నడచిన బిడ్డకు ఆ లెక్కలలో చోటు లేదు. వాడు కూలిపుస్తకము నుండి కొట్టివేయబడిన ఒక పేరు మాత్రమే.

ఇరువదవ శతాబ్దమున ఈ వ్యాధికి క్రొత్తపేరు పెట్టినది సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు. ఆమె ఆఫ్రికాలోని గోల్డుకోస్టు దేశమున, నేటి ఘానాలో, పనిచేయుచు ఉబ్బి చచ్చు పసిపిల్లలను గూర్చి 1933లో మొదటి వ్యాసము వ్రాసెను. 1935లో లాన్సెటు పత్రికలో ఆ వ్యాధికి ఆ దేశపు గా భాషలోని పేరునే వాడి క్వాషియార్కర్ అని ప్రకటించెను. క్రింది బిడ్డ పుట్టగా స్థానము కోల్పోయిన పై బిడ్డకు కలుగు వ్యాధి యని ఆ మాటకు తాత్పర్యము. కాశ్యపుని గర్భజఫక్కమును, వాగ్భటుని పారిగర్భికమును చదివినవానికి ఈ పేరు పాత చుట్టమువలె తోచును. సముద్రముల కావలి పల్లెలో ముసలమ్మలును, మన శాస్త్రకారులును ఒకే గుట్టును కనిపెట్టిరి.

మనదేశమున పోషణశాస్త్రము నీలగిరులలోని కూనూరున పుట్టినది. 1918లో రాబర్టు మెక్కారిసన్ అక్కడ బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు మొదలిడిన చిన్న ప్రయోగశాల క్రమముగ పోషణ పరిశోధనాలయమైనది. 1958-59లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషణసంస్థ యను పేరు దాల్చినది. కూనూరులో నున్నప్పుడే డాక్టరు సి. గోపాలన్ మొదలగువారు ఉబ్బువ్యాధి గల బిడ్డలకు పాలు లేకయే పప్పుధాన్యములతో వైద్యము చేసి చూచి, 1956లో ఫలితములు ప్రకటించిరి. పాలపొడి డబ్బాలు ఓడలలో రావలసిన ఆ దినములలో సెనగపప్పుతో బిడ్డ కోలుకొనునని చూపుట సామాన్యమైన సంగతి కాదు. హైదరాబాదు వచ్చిన పిమ్మట వారు జొన్నకూడు తినువారికి వచ్చు పెల్లాగ్రా యను చర్మవ్యాధిని గూర్చియు పరిశోధించిరి. ఆ కథ పల్నాటివారికి వినదగినదే కాని, దానికి వేరొక ప్రసంగము కావలెను.

హైదరాబాదు పరిశోధకులు అడిగిన మరియొక ప్రశ్న నేటి ప్రసంగమునకు ముఖ్యము. ఉబ్బువ్యాధితో ఆసుపత్రికి వచ్చి, కోలుకొని, ఇంటికి పోయిన బిడ్డలు ఏమైరి? వారి శరీరము పెరిగినను బుద్ధి పెరిగినదా? చంపకము, శ్రీకంఠయ్య, గోపాలన్ గారలు 19 మంది పిల్లలను వెదకి పట్టుకొనిరి. ఆ పిల్లలకు ఒకటిన్నర ఏడు మొదలు మూడేండ్ల లోపున ఈ వ్యాధి వచ్చి నయమైనది. వెదకునాటికి వారికి ఎనిమిది మొదలు పదకొండేండ్ల వయస్సు. ఒక్కొక్కరికి సరిపోలునట్లుగ, ఈ వ్యాధి రాని ఇతర పిల్లలను గూడ ఎన్నుకొనిరి. వయస్సు, ఆడ మగ భేదము, మతము, కులము, ఇంటి స్థితి, కుటుంబపు పరిమాణము, తోబుట్టువులలో ఎన్నవ వాడు, తలిదండ్రుల చదువు, ఇవన్నియు సరిచూచిరి. బీదవాని బిడ్డను ధనికుని బిడ్డతో పోల్చి, వీనికి తెలివి తక్కువ యని తీర్పు చెప్పుట సులభము; అది న్యాయము కాదు. వీరు అట్లు చేయలేదు.

పరీక్షల ఫలితము 1968లో ప్రకటింపబడినది. వ్యాధి తగిలి కోలుకొన్న పిల్లలు బుద్ధిపరీక్షలలో వెనుకబడిరి. కంటితో చూచినదానిని చేతితో తడవి పోల్చుకొనుట వంటి, ఒక ఇంద్రియపు జ్ఞానమును మరియొక ఇంద్రియముతో జోడించు పనులలోను వెనుకబడిరి. చిన్నవారిలో, అనగా ఎనిమిది తొమ్మిదేండ్ల వారిలో, ఈ లోటు ఎక్కువగ కనిపించెను. పదిపదకొండేండ్ల వారిలో తగ్గుముఖము పట్టెను. 19 మంది అనునది చిన్న సంఖ్యయే. పేదరికపు దెబ్బ ఏది, వ్యాధి దెబ్బ ఏది యని పూర్తిగ వేరుచేయుట ఎంత జాగ్రత్త పడినను కష్టమే. అయినను ఆ పరిశోధనకు నేను పెద్దపీట వేయుదును. ఏలయన, నయమై పోయినాడని పుస్తకములో వ్రాసి మూసివేసిన పేరును మరల తెఱచి, ఆ బిడ్డ ఇంటికి పోయి తలుపు తట్టిన వారు అప్పటికి లోకమున కొలదిమందియే.

బడిపంతులుగ నేను చెప్పదగిన మాట యొకటి యున్నది. పలకమీద అక్షరమును చూచి గుర్తించును గాని దానిని చేతితో దిద్దలేని బాలుడు ప్రతి తరగతిలోను ఉండును. వానిని మొద్దు అనుట బడులలో పరిపాటి. వాడు మూడేండ్ల లోపున ఎట్లు బ్రతికినాడని తల్లిని అడిగినచో కొన్నిచోట్ల ఆసుపత్రి మాట వచ్చును. కారణము తెలిసినంతనే చదువు వచ్చునని కాదు. బెత్తమునకు పని తగ్గును.

ఆ లోటు తీరునా యను ప్రశ్నకు జమైకా ద్వీపము నుండి ఒక ఉత్తరము వచ్చినది. గ్రాంథం మెక్‌గ్రెగర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు, పోషణలోపముతో ఆసుపత్రిలో చేరిన పసిపిల్లలకు కూడుతోబాటు ఆటలు గూడ నియమించిరి. ఇంటికి పంపిన పిమ్మట మూడేండ్ల పాటు వారి ఇండ్లకు మనుష్యులను పంపి, ఇంట దొరకు వస్తువులతో చేసిన బొమ్మలతో తల్లిచేతనే బిడ్డను ఆడింపించిరి, మాటాడింపించిరి. పదునాలుగేండ్లు గడచిన పిదప చూడగా, ఇట్లు ఆడి పెరిగిన పిల్లలు, ఆసుపత్రి వైద్యము మాత్రమే పొందిన పిల్లలకన్న బుద్ధిపరీక్షలలో మెఱుగుగ నుండిరి. ఈ ఫలితము 1994లో అచ్చుపడినది. ఇచ్చట కాశ్యపుని మూడు చక్రముల బండి మరల నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

బుద్ధి మాట అట్లుండ, ప్రాణము మాట వినవలెను. ఆఫ్రికాలోని మలావీ దేశమున బ్లాంటైరు నగరపు పెద్దాసుపత్రిలో 2006-07లో తీవ్ర పోషణలోపముతో చేరిన 1024 మంది పిల్లలను వైద్యులు వెంబడించి చూచిరి. సంవత్సరము తిరుగులోపల వారిలో నూటికి 40 మందికి మించి మరణించిరి. ఆసుపత్రిలోనే పోయినవారు కొందరు. విడిచి ఇంటికి వెళ్లిన తరువాత పోయినవారును పెక్కురు. ఆ దేశమున ఎయిడ్సు క్రిమి సోకిన పిల్లలు చాలమంది యుండుట దీనికి ఒక ముఖ్యకారణము. కావున ఆ లెక్కను మన పల్లెలకు యథాతథముగ అన్వయింపరాదు. ఆసుపత్రి గడప దాటినంతనే అపాయము దాటలేదనుట మాత్రము ఎల్లచోట్ల నిజము. బ్రతికినవారిని ఏడేండ్ల పిమ్మట మరల చూచిరి. తోడబుట్టినవారితోను ఇరుగుపొరుగు పిల్లలతోను పోల్చగా వారు పొట్టిగ నుండిరి; కాళ్లు పొడవు తక్కువ; చేతిపట్టు బలహీనము; బడిలో తరగతులు వెనుక. అయితే ఊపిరితిత్తులు, గుండె చాలవరకు ఇతరులవలెనే యున్నవి. దేహము ముఖ్యాంగములను కాచుకొని, కాలుసేతుల పెరుగుదలను త్యాగము చేసినట్లు వైద్యుల యూహ. కరువున రైతు విత్తనపు గింజలను దాచి తక్కినది వదలుకొనడా, అట్లన్నమాట.

ఇంత చెప్పి మన తెలుగునేల నుండి ఒక మంచిమాట చెప్పకున్న అన్యాయమగును. హైదరాబాదునకు సమీపముననున్న ఇబ్రహీంపట్నము ప్రాంతపు గ్రామములలో 1987 మొదలు 1990 వరకు ఒక ప్రయత్నము జరిగినది. కొన్ని ఊళ్లలో గర్భిణులకును ఆరేండ్ల లోపు పిల్లలకును దినమునకొకసారి మొక్కజొన్న, సోయాపిండితో వండిన ఉప్మా పెట్టిరి. ఇరుగుపొరుగున నున్న కొన్ని ఊళ్లలో ఆ యేర్పాటు అప్పటికింకను రాలేదు. ఇది తీవ్రవ్యాధిగ్రస్తులకు చేసిన వైద్యము కాదు. అందరు పిల్లలకు పెట్టిన కూడు. పదునైదేండ్ల పిమ్మట, 2003 మొదలు 2005 వరకు, పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారైన ఆ పిల్లలను సుమారు 1165 మందిని పరీక్షించిరి. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుగ నుండిరి. మధుమేహమునకు దారితీయు లక్షణము తక్కువ. రక్తనాళముల బిరుసుదనము తక్కువ. 14 మిల్లీమీటర్లు అనగా చిటికెనవ్రేలి వెడల్పు. ఒక గరిటెడు ఉప్మా పదునైదేండ్లకు అంత కొలతగ తేలినదని వినుట నాకు ఆనందము.

ఇప్పుడు విధానమునకు వత్తము. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున సమగ్ర శిశుసంరక్షణ పథకము మొదలై, అంగన్‌వాడీలు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1999లో ప్రకటించిన వైద్యుల చేతిపుస్తకములో తీవ్ర పోషణలోపమునకు పది మెట్లు చెప్పిరి. మొదటి మెట్లలో బిడ్డను వెచ్చగ నుంచుట, రక్తములో చక్కెర పడిపోకుండ చూచుట, రెండు మూడు గంటల కొకసారి పలుచని పాలమిశ్రమమును కొంచెము కొంచెముగ త్రాగించుట. ఒక్కసారి కడుపునిండ పెట్టినచో గుండె ఓర్వదు. కరువుశిబిరములలో పెక్కు ప్రాణములు తీసిన రహస్య మదియే. తొమ్మిదవ మెట్టు ఆటపాటలు, ఆప్యాయము. పదవ మెట్టు ఇంటికి పోయిన పిమ్మట కనిపెట్టి యుండుట. ఇంటికి పోయిన మొదటి వారము, రెండవ వారము, ఒక నెల, మూడు నెలలు, ఆరు నెలలు, అటుపై మూడేండ్లు నిండువరకు ఏటికి రెండుసార్లు బిడ్డను చూడవలెనని అందు వ్రాసినారు.

మన కేంద్రప్రభుత్వము 2011లో విధించిన పద్ధతి ఇంకను సులభము. పోషకాహార పునరావాస కేంద్రమున బిడ్డ సుమారు రెండు వారములుండి, ఇంటికి వచ్చిన పిమ్మట పదునైదు దినముల కొకసారి, రెండు నెలల పాటు, నాలుగు మారులు ఆ కేంద్రమునకు మరల పోవలెను. తల్లికి కూలినష్టమునకు కొంత సొమ్ము ఈయవలెననియు అందు కలదు. పదునైదు దినములనగా మనకు ఒక పక్షము. నాలుగు పక్షములు; రెండు అమావాస్యలు, రెండు పూర్ణిమలు. తేదీల కాగితము ఇంటిలో చినిగిపోవచ్చును గాని, పంచాంగము చూచు తాతకు పక్షము మఱపు రాదు.

ఆ నాలుగు మారులలో మొదటిదానికి వత్తురు. రెండవదానికి సగము సందేహము. మూడవది, నాలుగవది తప్పిపోవుట మెండు. తల్లి అలసత్వమని దీనిని త్రోసివేయుట తగదు. మిరపకోతల కాలమున మన పల్నాటిలో ఆడకూలి తెల్లవారకముందే ట్రాలీ ఎక్కవలెను. ఒక దినము మానుటవలన పోవునది ఆనాటి కూలి మాత్రమే కాదు, ముఠాలో చోటును గూడ. ఇంటిలో పెద్దబిడ్డ బడికి పోవలెను. బస్సు దిగి మరియొక బస్సు ఎక్కవలెను. అన్నిటికి మించి, బిడ్డ నవ్వుచున్నాడు, తినుచున్నాడు. జబ్బు లేనివానికి మరల ఆసుపత్రి యెందుకని అత్తగారో మామగారో అందురు. ఆ మాట అనునది మన తరమువారే. ఆ మాట అనకుండ, కోడలితో, అమ్మా, ఈ దినము నేను పసివాని వెంట పోయెదను, నీవు కోతకు పొమ్మని తాత అన్నచో అచ్చట ఒక తూకము నిలుచును.

కేంద్రమున ఏమి చేయుదురని అడుగు పెద్దలున్నారు. బరువు తూచెదరు, చేతికి కొలపట్టె చుట్టెదరు, పాదము నొక్కి చూచెదరు, ఆకలి యెట్లున్నదో అడిగెదరు, టీకాలు మిగిలినచో వేసెదరు. చూచుటకు ఇవి చిన్నపనులు. కాని ఈ బిడ్డ ప్రేవులును, రోగమును ఎదిరించు శక్తియు ఇంకను పూర్తిగ కుదుటపడలేదు. పొరుగుబిడ్డకు రెండుదినములలో తగ్గు విరేచనములు వీనిని మరల మొదటికి త్రోయును. తూకములో తగ్గుదల కనబడునది తల్లి కంటికి కనబడుటకు ముందే.

ఇంట పెట్టవలసిన కూటిని గూర్చి ఒక మాట. హైదరాబాదు పోషణసంస్థవారు వెనుకటి దినములలో కూర్చిన మిశ్రమ మొకటి హైదరాబాదు మిక్సు అను పేర ప్రసిద్ధమైనది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలపప్పు 16 గ్రాములు, వేయించిన వేరుసెనగపప్పు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు; పొడికొట్టి కలిపినచో సుమారు 330 క్యాలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు దొరకును. బెల్లము మా ఊరి పేరులోనే యున్నది. వేరుసెనగ మన చేలలో పండును. తక్కినవి కోమటి యంగడిలో దొరకును. ఇది కోలుకొని ఇల్లు చేరిన బిడ్డకు ఇంటికూటితోబాటు పెట్టునది. తీవ్రస్థితిలోనున్న బిడ్డకు ఆసుపత్రి పాలకు బదులుగ పెట్టునది కాదు. అంగన్‌వాడీలో ఇచ్చునది ఆ బిడ్డకే పెట్టవలెను. పొట్లము ఇంటికి చేరినంతనే అయిదుగురు పంచుకొనుట మన ఇండ్లలో ప్రేమచేతనే జరుగును. అయినను ఆ నాలుగు పక్షములు తక్కినవారు ఓర్చుకొనవలెను. తల్లి పాలిచ్చుచున్నచో మానకుండ ఈయవలెను.

పెద్దలు ఇంట కూర్చుండియే చూడదగినవి కొన్ని గలవు. బిడ్డ ఆట మానినాడా? పెట్టినది రెండు పూటలు వరుసగ వదలినాడా? విరేచనములు, జ్వరము, ఎగయూపిరి యున్నవా? సాయంకాలము పాదములపై బొటనవ్రేలితో మెల్లగ మూడు లెక్కించునంతసేపు నొక్కి తీసినచో గుంట నిలుచుచున్నదా? వీనిలో ఏది కనబడినను రాబోవు పక్షము వరకు ఆగరాదు. ఆశా కార్యకర్తకు చెప్పి, రాత్రియైనచో 108కి ఫోను చేసి, బిడ్డను వెచ్చగ కప్పుకొని, ఆసుపత్రిలో ఇచ్చిన కాగితమును మఱవక తీసికొని బయలుదేరవలెను.